శనివారం మంచం తీసెయ్యాలి

ఓక్‌ఫెర్న్ ఎస్టేట్, లూసియానా
18 మే 2008

సుందరన్నయ్యకి,

నువ్వూ, వదినా, ఎవానూ దేవుని దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను వచ్చి మూడు వారాలైంది. నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోను పెద్దింట్లో ఉంది. అబిగేల్‌తో ఒక్కసారి మాట్లాడతానని అడిగితే "ఇప్పుడు పిల్ల నిద్రపోయే టైము" అన్నారు డాక్టరుగారి భార్య వసంతలక్ష్మి అమ్మగారు. పొద్దున అడిగినా అదే టైము, సాయంత్రం అడిగినా అదే టైము. అందుకే ఉత్తరం.

ఇల్లు చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి. ముందు తెల్లటి స్తంభాలు, దారికి రెండు వైపులా మహా వృక్షాలు, వాటి కొమ్మల నుంచి బూడిదరంగు నాచు ముసలివాళ్ళ గడ్డాల్లా వేలాడుతుంది. ఆ తర్వాత కనుచూపు మేర చెరుకే. మళ్ళీ ఉయ్యూరు వచ్చి పడ్డానా అనిపించింది. రెండు వందల ఏళ్ళ నాటి ఎస్టేట్ అట. కేశవరావు డాక్టరుగారు నాలుగేళ్ళ కిందట కొన్నారు. పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారు, శనివారాలు టికెట్ పెట్టి జనానికి చూపిస్తారు.

డాక్టరుగారి తల్లికి పక్షవాతం. ఎడమ వైపు పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తుంది. మొదటి రోజు నన్ను చూడగానే "నువ్వు మరియమ్మ మనవరాలివి కదే" అంది. మన నాయనమ్మ పేరు ఇంత దూరంలో, ఆవిడ నోట వినేసరికి నా గుండె ఝల్లుమంది. ఇంకా ఏదో చెప్పబోయింది గానీ ఈలోపల అమ్మగారు వచ్చి నన్ను వంటింట్లోకి పంపారు. వంట కూడా నేనే చేస్తున్నాను. ఇల్లు తుడవడం, పెళ్ళివాళ్ళ దుప్పట్లు ఉతకడం కూడా. పెద్దావిడని చూసుకోవడం ఒక్కటే అన్నావు. నీకూ తెలిసి ఉండదులే.

పడుకోవడానికి పెద్దింటి వెనక చెక్క ఇల్లు ఇచ్చారు. అలాంటివి వరసగా ఉన్నాయి, మిగతావి ఖాళీ. పాస్‌పోర్టు పోగొట్టుకుంటానేమోనని డాక్టరుగారు ఎయిర్‌పోర్టులోనే తీసుకుని దాచారు.

సెలవుల్లోనూ హాస్టల్‌లోనే ఉన్న అబిగేల్‌కి నువ్వైనా ఒకసారి ఫోన్ చేసి, అమ్మ బాగుందని చెప్పు.

నీ చెల్లెలు
నవోమి


కాపెల్, టెక్సాస్
8 జూన్ 2008

చెల్లెమ్మా నవోమీ,

పెన్ను పట్టుకుని తెలుగు రాసి ఎన్నేళ్ళైందో! "ఝ" ఎలా రాయాలో మీ వదినని అడిగాను, ఆవిడకీ రాదు. ఈ రాస్తున్నప్పుడే బయట టోర్నడో సైరన్ మోగింది. టెస్టింగేలే. ఎవాన్ మాత్రం క్లాజెట్‌లో దూరి "డాడీ, యూ కమ్" అని ఒకటే గోల. తెలుగులో పిలిస్తే వస్తానన్నాను. రాలేదు.

నీకు సెపరేట్ కాటేజ్ ఇచ్చారంటే నాకు ఎంత ఆనందమో. మేమిక్కడ అపార్ట్‌మెంట్‌లో పైవాళ్ళ అడుగుల చప్పుడు వింటూ పడుకుంటున్నాం. పనులు కాస్త ఎక్కువైనా అడ్జస్ట్ అవ్వు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇంత మంచి చోటు ఎవరిస్తారు?

పోయిన శనివారం డాలస్‌లో తెలుగువాళ్ళ మీటింగ్‌కి కేశవరావు గారు చీఫ్ గెస్ట్. స్పీచ్ అయ్యాక నేరుగా నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి "మీ నవోమి మా ఇంటి పిల్ల" అన్నారు, అందరి ముందూ. నవోమీ, వాళ్ళ నాన్న ఎదురొస్తే మా నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని పక్కకి నిలబడేవాడు. అలాంటి ఇంటి మనిషి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రోజు డ్రైవ్ చేసుకుంటూ ఇంటికెళ్తుంటే కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

ఆదివారం చర్చికి దింపమని వాళ్ళని అడుగు, కాదనరు. అబిగేల్‌కి ఫోన్ చేశాను. లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయట.

అన్నయ్య
సుందర్ రాజ్


ఓక్‌ఫెర్న్ ఎస్టేట్
27 జూలై 2008

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. కాస్త ఆలస్యంగా అందింది, విప్పి ఉంది. నా రాతలో అక్షర దోషాలు ఎక్కువని అమ్మగారు దిద్దిపెడుతున్నారు. చదివి ఆవిడే కవరు అంటించి పోస్టులో వేయిస్తున్నారు. అంత శ్రద్ధ.

చర్చికి కుదరదు. ఆదివారం పెళ్ళివాళ్ళు ఉంటారు. శనివారాలు బస్సుల్లో జనం వస్తారు. నేను నా సామాను కాస్త సర్దుకుని వంటింట్లో ఉంటాను. నేనుండే ఇంట్లోకి కూడా వెళ్ళి చూస్తారు. బయటికొచ్చేటప్పుడు కొందరు కళ్ళు తుడుచుకుంటూ వస్తారు. చెక్క ఇంటిని చూసి ఎందుకు ఏడుస్తారో నాకు తెలియలేదు. నీకు తెలిస్తే రాయి.

పెద్దమ్మగారు నన్ను వదలరు. అన్నం నేను పెడితేనే తింటారు. ఒక్కోసారి నా చెయ్యి పట్టుకుని "నీ ఉసురు తగిలిందే మరియా" అంటారు. నన్ను నాయనమ్మ అనుకుంటున్నట్టున్నారు.

అన్నయ్యా, ఒక సంతోషమైన మాట. ఊళ్ళో వీళ్ళ ఇంట్లో మన నాయనమ్మని ఎలా చూసుకున్నారో నన్నూ ఇక్కడ అచ్చం అలాగే చూసుకుంటున్నారు. ఈ మాట పెదనాన్నకి తప్పకుండా చెప్పు. నా మాటల్లోనే చెప్పు. ఆయన విని సంతోషిస్తాడు. మర్చిపోకు.

నవోమి


కాపెల్
24 ఆగస్టు 2008

చెల్లెమ్మా,

లేట్ రిప్లై, సారీ. ఆఫీస్‌లో సగం టీమ్‌ని తీసేశారు. రోజూ బ్యాడ్జ్ పనిచేస్తుందో లేదోనని తలుపు దగ్గర గుండె దడ.

బస్సుల్లో వచ్చేది హిస్టరీ టూర్ వాళ్ళు. అమెరికన్లు పాత సామాను చూసి కూడా ఎమోషనల్ అవుతారు, నువ్వు పట్టించుకోకు.

నాయనమ్మ గురించి నువ్వు రాసింది చదివి చాలా సంతోషించాను. నేను చిన్నప్పటి నుంచీ గుంటూరు మిషన్ హాస్టల్‌లో పెరిగినవాణ్ణి, ఆవిడ నాకు సరిగా గుర్తు కూడా లేదు. పెద్దింటివాళ్ళు ఆమెని సొంత మనిషిలా చూశారనీ, పోయినప్పుడు కొత్త చీర కప్పి పంపారనీ మాత్రం విన్నాను. నాన్నకి ఇంకా చెప్పలేదు, టైము కలవడం లేదు. కానీ కేశవరావు గారికి చెప్పాను! పోయిన వారం ఫోన్ చేస్తే నీ మాటలే చదివి వినిపించాను. ఆయన ఇంకోసారి చదవమన్నారు. తర్వాత పెద్దగా నవ్వి "నవోమికి జ్ఞాపకశక్తి ఎక్కువ" అన్నారు.

చూశావా, నీ కృతజ్ఞత వాళ్ళకీ తెలిసింది.

సుందర్ రాజ్


ఓక్‌ఫెర్న్ ఎస్టేట్
21 సెప్టెంబరు 2008

గౌరవనీయులైన సుందర్ రాజ్ గారికి,

నమస్కారములు. నేను ఇచ్చట క్షేమముగా, సంతోషముగా ఉన్నాను. తుఫాను వచ్చినది కానీ అందరూ క్షేమము. డాక్టరు గారు, అమ్మగారు నన్ను కన్నబిడ్డవలె చూచుచున్నారు. నాకు ఏ లోటూ లేదు. పనులు ఎక్కువగా ఉన్నందున ఇకమీదట ఉత్తరములు వ్రాయుటకు వీలుపడదు. మీరు కూడా శ్రమపడి వ్రాయనవసరము లేదు.

ఇట్లు
నవోమి


కాపెల్
30 నవంబరు 2008

నవోమీ,

నీ సెప్టెంబరు ఉత్తరానికి నాకు కోపం వచ్చింది. "గౌరవనీయులైన", "గారు"! ఒకే కంచంలో తిన్న అన్నని "శ్రమపడి వ్రాయనవసరము లేదు" అంటావా? పెద్దింట్లో ఉండి పెద్ద మాటలు నేర్చుకుంది అన్నాను మీ వదినతో. "నవోమి అలా రాయదండీ, వెళ్ళి చూసొద్దాం" అని తనే పట్టుబట్టింది. అందుకే థాంక్స్‌గివింగ్‌కి వస్తున్నామని కేశవరావు గారికి ఫోన్ చేసి బయల్దేరాం.

చూశాక మనసు కుదుటపడింది. మేడ మీద ఎంత మంచి గది! కిటికీలోంచి చెరుకు తోటలు, పెద్ద మంచం, నీ ఒంటి మీద పట్టుచీర. దారంతా చెరుకు ఆకు తగలబెట్టిన పొగ, తీపి వాసన. ఎవాన్ ముక్కు మూసుకున్నాడు, నాకు మాత్రం ఊరు గుర్తొచ్చింది. పెద్దమ్మగారు అక్టోబరులో పోయారని అక్కడికొచ్చాకే తెలిసింది. పని అయిపోయినా నిన్ను పంపెయ్యకుండా ఉంచుకున్నారంటే ఎంత అభిమానం ఉండాలి! అబిగేల్ ఫోటో కూడా తీయించి పెట్టారు. నువ్వే ముభావంగా ఉన్నావు. మీ వదిన "బయట కాసేపు నడుద్దామా" అంటే తల అడ్డంగా ఊపావు. చిక్కిపోయావు కూడా.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. నువ్వు చెప్పమన్న మాట ఇన్నాళ్ళకి చెప్పాను. నాన్న వెంటనే "ఆ మాట నవోమే రాసిందా? నిజంగా అలాగే రాసిందా?" అన్నాడు. అవునన్నాను. "రేపు మళ్ళీ చెయ్యి. ఇప్పుడు నావల్ల కాదు" అని పెట్టేశాడు. పెద్దవాడైపోయాడు పాపం.

అన్నయ్య


ఆర్లీన్ గారి చేతి మీదుగా
6 డిసెంబరు 2008

అన్నయ్యా,

ఈ ఉత్తరం అమ్మగారు చదవరు. శనివారాలు జనానికి ఎస్టేట్ చూపించే ఆర్లీన్ గారికి ఇస్తున్నాను. జవాబు ఆవిడ అడ్రసుకే రాయి. డాక్టరుగారింటికి ఫోన్ చెయ్యకు, రాయకు. ముందు ఈ మాట గట్టిగా పట్టుకో, తర్వాత మిగతాది చదువు.

నువ్వు చూసిన గది నాది కాదు. నువ్వొచ్చే ముందు రోజు నా పెట్టె అక్కడ పెట్టించారు. చీర అమ్మగారిది. నీ కారు గేటు దాటగానే విప్పించి తీసుకున్నారు. ఎందుకు నోరు విప్పలేదంటావేమో. డాక్టరుగారు అబిగేల్ ఫోటో నీ చేతికిచ్చి "హాస్టల్ గేటు దగ్గర మా మనిషి తీశాడు, వారం వారం వెళ్ళి చూసొస్తున్నాడు" అన్నారు కదా. ఆ మాట నీకు చెప్పింది కాదు.

నాయనమ్మ సంగతి నీకు ఎవరూ చెప్పలేదన్నమాట. చెప్పి ఉంటారనుకున్నాను. ఆవిడ ఆ ఇంట్లో పశువుల కొట్టంలో పడుకునేది. మా నాన్న కడుపులో ఉండగా ఇంటికి పోతానంటే పోనివ్వలేదు. చివర్లో జ్వరమొస్తే అంటుకుంటుందని కొట్టానికి బయట గొళ్ళెం పెట్టారు. పోయిన తర్వాతే మనవాళ్ళకి కబురొచ్చింది. కొత్త చీర కప్పిన మాట నిజమే. ఆవిడ ఒంటి మీది దెబ్బలు కనిపించకుండా కప్పారు. అప్పుడు డాక్టరుగారు నిక్కరు వేసుకునే వయసు. ఆయనకి అంతా గుర్తుంది. నువ్వు నా మాట చదివి వినిపించిన సాయంత్రం ఆయన వంటింట్లోకి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, చాలా మెల్లగా "నాయనమ్మ గుర్తొస్తోందా?" అన్నారు. ఆ సెప్టెంబరు ఉత్తరం అమ్మగారు చెబుతుంటే రాశాను.

తుఫానుకి వాళ్ళంతా హ్యూస్టన్ వెళ్ళిపోయారు. ఇంటికి కాపలా ఒకరుండాలి కదా అని నన్ను వదిలేశారు. పక్క ఇంటి కప్పు ఎగిరిపోయింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు. పారిపోదామని గేటు దాకా వెళ్ళాను. ఎటు చూసినా పడిపోయిన చెరుకు, నీళ్ళు. అబిగేల్ ముఖం గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాను. పెద్దమ్మగారు పోయాక పంపెయ్యండి అని కాళ్ళు పట్టుకున్నాను. "వీసా అయిపోయింది. గేటు దాటితే పోలీసులు పట్టుకుని జైల్లో పెడతారు" అన్నారు.

నేనుండేది కాటేజ్ కాదన్నయ్యా. అది బానిసల ఇల్లు. ఈ చెరుకు తోటలో చాకిరీ చేయించడానికి తెచ్చినవాళ్ళని ఉంచిన ఇల్లు. శనివారం తెల్లారగానే నా మడతమంచం, పెట్టె, దుప్పటి తీసేసి వంటింటి వెనక దాచాలి. ఆ చోట గడ్డి పరుపు, ఇనప కుండ పెడతారు. జనం వచ్చి, ఒకప్పుడు మనుషుల్ని ఇలా ఉంచారా అని ఏడుస్తారు. వాళ్ళ బస్సు వెళ్ళిపోయాక మళ్ళీ మంచం వేసుకుంటాను.

ఒక శనివారం ఆర్లీన్ గారు ఆ ఇంటి గోడకి గుచ్చి ఉన్న నా పిన్నీసు చూసింది. వంటింటికి వచ్చి "అక్కడ ఎవరు పడుకుంటున్నారు?" అని అడిగింది. "మీ" అన్నాను, నేనే అని నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆవిడ నల్లజాతి మనిషి. ఆవిడ తాతమ్మ పుట్టింది ఆ వరసలోని ఇంట్లోనేనట. కుర్చీలో కూలబడి చాలాసేపు లేవలేదు. తర్వాత తన కోటు విప్పి నా భుజాల మీద వేసింది.

నీ నవంబరు ఉత్తరం అమ్మగారు పైకి చదివి వినిపించారు. పెదనాన్న అడిగిన మాట దగ్గర ఆపి డాక్టరుగారి వైపు చూశారు. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు నా తలుపుకి బయట గొళ్ళెం పెడుతున్నారు.

ముందు అబిగేల్‌ని ఆ హాస్టల్ నుంచి తీసేయించు. తర్వాతే నా సంగతి.

నవోమి


కాపెల్
12 డిసెంబరు 2008

నవోమీ,

నీ ఉత్తరం రాకముందే నాన్న చెప్పాడు. అంతా చెప్పాడు. "నిన్ను చదువులో ఉంచాలని, నీ తల ఎత్తుకునే ఉంచాలని ఆ సంగతి నీకు చెప్పలేదురా" అన్నాడు. ఇప్పుడు నా సంగతి రాసి నీ టైము పాడుచెయ్యను.

అబిగేల్ నాన్న దగ్గర ఉంది. నిన్న పొద్దున వెళ్ళి తీసుకొచ్చాడు. గేటు దగ్గర ఎవడో మోటార్‌సైకిల్ మీద వచ్చి "పిల్లని ఎక్కడికి తీసుకెళ్తున్నావు?" అని అడిగాడట. "నా మనవరాలు, నా ఇష్టం" అన్నాడట నాన్న. ఆయన ఆ ఇంటి మనిషికి ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

ఇలాంటి కేసుల కోసం ఉన్న హాట్‌లైన్‌కి ఫోన్ చేశాను. అక్కడి లోకల్ పోలీసులకి చెప్పొద్దన్నాను, వాళ్ళ ఆఫీసర్ ఒకాయన థాంక్స్‌గివింగ్ రోజు ఆ ఇంట్లో మాతోపాటే టర్కీ కోడి తిన్నాడు. ఫెడరల్ ఏజెంట్లు ఇద్దరు నాతో మాట్లాడారు. వారెంట్ లేకుండా లోపలికి రాలేరు, దానికి రోజులు పడుతుంది. నువ్వే నీ కాళ్ళతో గేటు దాటి వస్తే ఆ క్షణం నుంచి నీకు ఎవరూ అడ్డం రాలేరు. నిన్ను జైల్లో పెట్టరు. రెండుసార్లు అడిగి కనుక్కున్నాను.

ఇరవయ్యో తారీఖు శనివారం. ఆర్లీన్ గారితో మాట్లాడాను. మేము గేటు బయట ఉంటాం. ఈ ఉత్తరం చదివి ఆవిడకే తిరిగి ఇచ్చెయ్యి.

అన్నయ్య


కాపెల్
25 జనవరి 2009

చెల్లెమ్మా,

షెల్టర్ అడ్రస్ నాకు చెప్పరట, ఇది మీ లాయరమ్మ ద్వారా పంపుతున్నాను. ఫోన్‌లో నీ గొంతు వినాలని ఉంది గానీ నువ్వు ఒప్పుకున్నప్పుడే.

నిన్న కొందరు పెద్దమనుషులు ఇంటికొచ్చారు. ఆ డాలస్ మీటింగ్ పెట్టిన దామోదర్ గారు, మా చర్చి పెద్ద ఒకాయన, మీటింగ్ కమిటీవాళ్ళు. కేశవరావు గారు గుడికీ చర్చికీ కూడా ఎంతో చేశారట. "మనలో మనం మాట్లాడుకుంటే పోయేదానికి తెల్లవాళ్ళ కోర్టులో పరువు తీసుకోవడమెందుకు? మీ చెల్లి కేసు వెనక్కి తీసుకుంటే ఆయన అన్నీ చూసుకుంటారు" అన్నారు. నేను కాఫీ ఇవ్వలేదు. అయినా నీ మాట నేను చెప్పకూడదు కాబట్టి రాస్తున్నాను. నీ ఇష్టం ఏమిటో నువ్వే చెప్పు.

ఆ రోజు లోపల ఏం జరిగింది? జనమంతా నడుచుకుంటూ రావడమే నేను చూశాను.

సుందర్ రాజ్


15 ఫిబ్రవరి 2009

అన్నయ్యా,

ముందు ఆ రోజు సంగతి. తెల్లారాక అమ్మగారు గొళ్ళెం తీసి "త్వరగా మంచం తియ్యి, బస్సు త్వరగా వస్తుందట" అని వెళ్ళిపోయారు. నేను తియ్యలేదు. దుప్పటి కూడా మడత పెట్టలేదు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని మంచం మీద కూర్చున్నాను. ఎవరైనా ముందే వచ్చి చూస్తే ఏమవుతుందోనని ప్రతి చప్పుడికీ లేచి నిలబడుతున్నాను, కూర్చుంటున్నాను.

ఆర్లీన్ గారు జనాన్ని తీసుకొచ్చింది. ముందు లోపలికొచ్చిన ఒకావిడ నన్ను బొమ్మ అనుకుందో ఏమో, కెమెరా ఎత్తింది. నేను లేచాను. ఆవిడ కెవ్వుమంది. ఆర్లీన్ గారు గుమ్మంలో నిలబడి "ఈమె పేరు నవోమి. ఈమె ఇక్కడ ఉంటోంది. అప్పుడు కాదు, ఇప్పుడు" అంది.

డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు. నవ్వుతూ "ఇది షోలో భాగం, మా కొత్త ఏర్పాటు" అన్నారు వాళ్ళతో. ఇద్దరు ముగ్గురు నిజమేననుకుని నవ్వారు కూడా. అదే అన్నయ్యా, ఆ నవ్వు విన్నప్పుడే నా భయం పోయింది. "నో" అన్నాను. "నో షో. మై పాస్‌పోర్ట్ ప్లీజ్" అన్నాను. డాక్టరుగారు తెలుగులో, పళ్ళ బిగువున "నీ కూతురు" అన్నారు. "మా పెదనాన్న దగ్గరుంది" అన్నాను. ఆయన ముఖం అప్పుడు చూడాల్సింది.

ఆర్లీన్ గారు నా పెట్టె ఎత్తుకుంది. గేటు దాకా బస్సు జనమంతా మా చుట్టూ నడిచారు. ఆ కెవ్వుమన్నావిడ నా చెయ్యి పట్టుకుంది. తర్వాత నువ్వు చూసిందే.

పెద్దమనుషుల సంగతి. "మనలో మనం" అన్నారట కదా. ఆ ఇంట్లో నేను ఏడు నెలలు తాగిన గ్లాసు వేరు, తిన్న కంచం వేరు. అప్పుడు "మనం" ఎక్కడుంది? నేను కేసు వెనక్కి తీసుకోను. ఇదే మాట, ఇలాగే చెప్పు.

నవోమి


హ్యూస్టన్, టెక్సాస్
11 అక్టోబరు 2009

అన్నయ్యకి, వదినకి,

డాక్టరుగారు నేరం ఒప్పుకున్నారనీ, ఇద్దరికీ శిక్ష పడిందనీ నీకు తెలుసు. కోర్టులో జడ్జిగారి ముందు నేను తెలుగులోనే మాట్లాడాను. పక్కన ఒకమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. మధ్యలో ఆ అమ్మాయి గొంతు పూడుకుపోతే నేనే ఆగి, మంచినీళ్ళు ఇప్పించాను. వసంతలక్ష్మిగారు మొత్తం సేపూ నేల చూపులే. నాకు సంతోషం కలగలేదు. నిద్ర మాత్రం పట్టింది.

అబిగేల్ వచ్చి రెండు వారాలైంది. నా భుజం దాటి పెరిగిపోయింది. మొదటి రెండు రోజులు నన్ను "మీరు" అంది. నేను వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పనికి వెళ్తుంటే అది వాకిట్లో నిలబడి చూస్తుంది, మళ్ళీ వస్తానో రానోనని.

ఇవాళ మొదటిసారి ఇక్కడి తెలుగు చర్చికి వెళ్ళాం. వెళ్ళకుండా ఉండలేను, వెళ్తే ఎవరేమంటారోనని ఒణుకు. మా వరసలో కూర్చున్న ఒకావిడ నా వైపు అదేపనిగా చూసి, పాట మధ్యలో వంగి "నువ్వేనా కేశవరావు గారిని జైల్లో పెట్టించింది?" అంది. ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. అబిగేల్ పాట ఆపి, ఆవిడ వైపు తిరిగి, చర్చంతా వినేట్టు "అవునండీ, మా అమ్మే" అంది.

ఆవిడ సంచీ తీసుకుని వెనక వరసలోకి వెళ్ళిపోయింది. మేమిద్దరం కాస్త జరిగి, సుఖంగా కూర్చున్నాం.

మీ
నవోమి